వంకాయల మీద అనుమానం

మా ఆయన వంకాయలు తెచ్చిన రోజే నాకు మొదటి అనుమానం వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం. ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా మీద ఆయన ఉద్యోగం. పొద్దుటి షిఫ్టు దిగి రెండున్నరకి ఇంటికొచ్చాడు. చేతిసంచీ వంటింటి గట్టు మీద పెట్టి, నా మొహం చూడకుండా కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు. సంచీ తెరిచి చూస్తే అరకిలో నల్ల వంకాయలు. పొట్టివి, గుండ్రటివి, తొడిమలకి ముళ్లున్నవి. తొమ్మిదేళ్లుగా మా గడప తొక్కని కూరగాయ అది.

"ఎవరివండీ ఇవి? పొరపాటున ఎవరి సంచీ అయినా తెచ్చారా?" అని అడిగాను.

"మనవే."

"మనవా?"

"లేతగా ఉంటేనూ, తెచ్చా," అన్నాడు తువ్వాలులో మొహం దాచుకుని. తడి కాళ్లు తుడుచుకోవాల్సిన మనిషి పొడి మొహం తుడుచుకుంటున్నాడు. అక్కడే దొరికిపోయాడు.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, కుట్టుమిషను మీద వచ్చింది. జగ్గయ్యపేటలో ఇరవై ఏళ్లు ఆడవాళ్ల జాకెట్లు కుట్టాను. మీటరు గుడ్డ అని చెప్పి ఎనభై సెంటీమీటర్లు చేతిలో పెట్టేవాళ్లని, నేనేం లావవ్వలేదు నువ్వే బిగుతుగా కుట్టావని దబాయించేవాళ్లని చూసి చూసి, ఎవరేం చెప్పినా ముందు టేపు తీయడం అలవాటైపోయింది. కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకర తిరిగాక మిషను మూలపడింది. అనుమానం మాత్రం మూలపడలేదు. చేతికి పని లేకపోయేసరికి ఇంట్లోవాళ్ల మీదకి, ఆ తర్వాత నా ఒంటి మీదకే తిరిగింది.

నా ఒళ్లు నాతో నిజం చెప్పడం మానేసి తొమ్మిదేళ్లయింది. పొద్దున్నే రెండు చేతుల వేళ్లూ కొయ్యబారి ఉంటాయి. పిడికిలి పడదు, కుళాయి తిరగదు, పేస్టు మూత రాదు. గంట, ఒక్కోరోజు రెండు గంటలు అలా ఉండి, ఆ తర్వాత దయతలచినట్టు వదులవుతాయి. మంగళవారం వేసుకునే మాత్ర ఒకటుంది, వారానికి ఒక్కసారే. అది వేసుకున్న మర్నాడు నోట్లో ఇనుము నాకినట్టుంటుంది. ఇవన్నీ అలవాటే. అలవాటు కానిది నొప్పి లేని ఉదయం. ఎప్పుడైనా చేతులు హాయిగా తెల్లవారాయంటే సంతోషం కంటే ముందు గుండె దడ వస్తుంది. ఇవాళ ఊరికే వదిలిందంటే రేపు ఎక్కడ పట్టుకోవడానికో అని.

సుఖాలు లేవని కాదు. స్టీలు గ్లాసు నిండా పొగలు కక్కే టీ పోయించుకుని, తాగకుండా రెండు అరచేతుల మధ్యా పట్టుకుని కూర్చోవడం ఒక సుఖం. టీ చల్లారిపోతుంది, వేళ్లు కరుగుతాయి. "తాగడానికి పెట్టానా, కాపడానికి పెట్టానా?" అని మా ఆయన రోజూ అడుగుతాడు. డాబా మీద ఎనిమిది గంటల ఎండ సరిగ్గా మోకాళ్ల మీద పడేట్టు కుర్చీ జరుపుకోవడం ఇంకొకటి. జడ నేనే అల్లుకోగలిగిన రోజున, అల్లిన జడ విప్పేసి మళ్లీ అల్లుకుంటాను. వెల్లుల్లి పొట్టు గోటికి ఊడివచ్చిందంటే ఇక ఆ పూట నన్ను పట్టలేరు. కానీ ఇలాంటివి పైకి చెప్పను. చెబితే ఎవరో వింటారని, విన్నవాళ్లు లాగేసుకుంటారని భయం. ఆ ఎవరో ఎవరో నాకూ తెలియదు.

వాటన్నిటికంటే పెద్దది చేత్తో అన్నం కలుపుకోవడం. చెంచాతో తింటే కడుపు నిండుతుంది గానీ తిన్నట్టుండదు. మధ్యాహ్నానికి వేళ్లు వదులయ్యాయంటే వేడన్నం మీద అరచెయ్యి ఆనించి, మెతుకు మెతుకూ తెలిసేట్టు కలుపుకుంటాను. తీరా కలుపుకోవడానికి ఏముంటుందీ అంటే, ఒకరోజు బీరకాయ, ఒకరోజు పొట్లకాయ, మధ్యలో పెసరపప్పు. జబ్బు మొదలైన ఏడాది మా ఆయన పత్యం జాబితా స్వయంగా రాసి, వంటింటి అల్మారా తలుపు లోపలివైపు అంటించాడు. వంకాయ, గోంగూర, చింతపండు, ఆవకాయ, పెరుగు, చేమదుంప, గుమ్మడికాయ, మాంసం, చేప. అన్నీ వాతం చేసేవే అని అందులో ఉంది. నా చేత కత్తిపీట పట్టించలేక కూరలు తరిగేదీ, వండేదీ ఆయనే కాబట్టి, తొమ్మిదేళ్లూ ఆ జాబితా దాటి ఒక్క రవ్వ నా కంచంలో పడలేదు. పెళ్లిళ్లకి వెళ్తే పక్కనే కూర్చుని వడ్డించేవాళ్లకి చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఓవర్‌లోడు లారీని కాటా మీద ఎంత పట్టుగా ఆపుతాడో, నా నోటిని అంత పట్టుగా ఆపాడు.

అలాంటి మనిషి ఆ శుక్రవారం వంకాయల్ని నాలుగు పక్షాలుగా చీల్చి, ఉల్లికారం కూరి, నూనెలో మగ్గించి, నాకు వడ్డించి, ఎదురుగా కూర్చున్నాడు.

"మరి పత్యం?" అన్నాను.

"ఒక్కపూటకి ఏం కాదులే. తిను."

నేను తిన్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైందని చెప్పాను. చర్మం కాస్త చేదుగా, లోపల గుజ్జు వెన్నలా జారిపోతూ, నాలుక ఇన్నాళ్లూ మర్చిపోయిన దారులన్నీ గుర్తు తెచ్చుకుంది. రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. ఆయన నా చేతివంకే చూస్తున్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. మనిషి తింటుంటే చూసే చూపు కాదది, మళ్లీ చూస్తామో లేదో అన్నట్టు చూసే చూపు.

తిన్న చెయ్యి కడుక్కుంటుంటే పోయిన ఆదివారం గుర్తొచ్చింది. బెజవాడ నుంచి ప్రతి ఆదివారం నందిగామ వచ్చి చూసే కీళ్ల డాక్టరు దగ్గరికి నెలకోసారి వెళ్తాం. ఆ ఆదివారం నేను పక్కగదిలో రక్తం ఇచ్చి, దూది అదిమిపట్టుకుని బయటికి వస్తున్నాను. డాక్టరుగారి గది తలుపుకి అద్దం ఉంది. అద్దంలోంచి చూస్తే డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి ఏదో గట్టిగా చెబుతున్నాడు. మా ఆయన తలొంచుకుని కూర్చున్నాడు. నేను తలుపు తోయగానే ఇద్దరూ మాట ఆపేశారు. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. లారీల గురించి ఏకధాటిగా చెప్పే మనిషి, హైవే మీద అన్ని లారీలు పోతుంటే నోరు మెదపలేదు.

ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటే గుండెల్లో రాయి పడింది.

ఆదివారం గోంగూర వచ్చింది. సోమవారం కంచం చివర పెరుగు పడింది. ఖమ్మంలో ఉండే మా అమ్మాయి ఫోన్ చేసి, ఎప్పుడూ అడిగే "మాత్ర వేసుకున్నావా అమ్మా" మానేసి, "అమ్మా, నీకేం తినాలనుందో చెప్పవే, ఈసారి వచ్చేటప్పుడు తెస్తా," అంది. ఆ మాట వినగానే ఫోన్ చేతిలోంచి జారబోయింది. వేళ్ల పట్టు తప్పి కాదు.

ఎందుకంటే ఆ మాట నాకు తెలుసు. ఆ మాట నేనూ అన్నాను. మా మామగారికి షుగరు ముదిరి కిడ్నీలు పాడైనప్పుడు, ఆసుపత్రి వాళ్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఇంటికి తెచ్చిన మర్నాటి నుంచి మా ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న, "ఏం తినాలనుంది?" అని. పన్నెండేళ్లు పంచదార డబ్బా ఆయన కంటపడకుండా దాచిన దాన్ని, నా చేత్తోనే బొబ్బట్లు చేసి, నెయ్యి వేసి పెట్టాను. ఆయన నావైపు చూసి, "ఏమ్మా, ఇవాళ ఎవరూ వద్దనడం లేదేం?" అని అడిగాడు. "మీకు షుగరు తగ్గింది మామయ్యగారూ," అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో ఇప్పటికీ నాకే ఆశ్చర్యం. ఆయన కంచం నావైపు జరిపి, "అయితే ఇంకోటి వెయ్యి," అన్నాడు. నమ్మాడో, నా మీద జాలిపడ్డాడో తెలియదు. వారానికి పోయాడు.

అందుకే నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా వాళ్లలో పోయేవాళ్లకి పత్యం ఎత్తేస్తారు.

పక్కింటావిడ మా వీధిలో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. ముస్లింలు, ఆమె భర్త కారు తోలతాడు. నన్ను వదినా అంటుంది, మా ఆయన్ని అన్నయ్యా అంటుంది. రంజానుకి సేమియా పంపినా మా ఆయన జాబితాలో లేనిది చూసి మరీ పంపేది. ఆ వారం గిన్నెడు చేపల పులుసు పట్టుకొచ్చింది. నేను గిన్నె అందుకోకుండా ఆమె కళ్లలోకి చూశాను.

"మీ అన్నయ్య నీతో ఏమన్నా చెప్పాడా?"

"ఏం చెప్తాడు వదినా? ఏం లేదు," అంది.

ఆ 'ఏం లేదు' నా ప్రశ్న పూర్తికాకముందే వచ్చింది. గుడ్డ కత్తిరించి ఇచ్చే కొట్లో కూడా అంత తొందరగా ఎవరూ మాటివ్వరు. నేను లోపలికి వెళ్లి నా పెద్ద కత్తెర తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఇరవై ఏళ్లు నా చేతిలో ఆడిన కత్తెర. ఆమె కూడా అప్పుడప్పుడు పిల్లల గౌన్లు కుడుతుంది.

"నాకెందుకు వదినా ఇది?"

"ఉంచు. నీకు పనికొస్తుంది."

ఆమె మొహం పాలిపోయింది. చూశావా, తనకి తెలుసు, అనుకున్నాను. ఆమె నన్ను చూసి ఏమనుకుందో ఆలోచించలేదు. చేపల పులుసు మాత్రం అడుగంటా ఊడ్చుకుని తిన్నాను.

అదే నాకు సిగ్గుగా ఉండేది. చస్తున్నానని ఒకపక్క వణికిపోతూ, ఇంకోపక్క పన్నెండు కొట్టేసరికి ఇవాళేం వండి వెళ్లాడో అని గిన్నె మూతలు తీసి చూసేదాన్ని. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ ముక్క నంజుకుంటే దేవుడు గుర్తొచ్చేవాడు, భయంతో కాదు, రుచికి. అనుమానం ఆకలిని చంపుతుందంటారు గానీ నా విషయంలో అదేం జరగలేదు. పైగా ఇదే ఆఖరి చేమదుంపల వేపుడేమో అనుకుని తింటే ఒక్కో ముక్కా పది ముక్కల పెట్టు.

ఆయన్ని నిలదీసి అడగొచ్చు కదా అంటే, రెండు భయాలు. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని ఒకటి. అడిగితే మళ్లీ పొట్లకాయ వస్తుందేమోనని రెండోది. ఏది పెద్ద భయమో ఒట్టేసి చెప్పలేను.

అడగలేదు గానీ నిఘా పెట్టాను. ఆయన డ్యూటీకి వెళ్లాక బీరువాలోంచి నా ఆసుపత్రి ఫైలు తీసి కాగితాలు తిరగేశాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, అంకెలు బాగానే తెలుస్తాయి. ఒక కాగితంలో రెండు అంకెల పక్కన, తేడా ఉన్నవాటికి పెట్టే నక్షత్రం గుర్తులున్నాయి. పోయిన నెల కాగితంలో ఒక్కటే నక్షత్రం ఉంది. ఆయన ఫోన్లో మాట్లాడుతూ పెరట్లోకి వెళ్తే స్నానాలగది కిటికీ దగ్గర చెవి పెట్టాను. "ఇంకా చెప్పలేదమ్మా. ఎలా చెప్పాలో తెలియట్లా. నువ్వు మాత్రం అనకు," అంటున్నాడు మా అమ్మాయితో. ఇంకేం కావాలి?

మూడో ఆదివారం ఆయనకి పొద్దుటి షిఫ్టు పడింది. తొమ్మిదింటికి వేళ్లు వదులయ్యాయి. చీర కట్టుకుని, ఫైలు చంకన పెట్టుకుని బస్టాండుకి వెళ్లాను. తొమ్మిదేళ్లలో ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. ఇప్పుడు ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు కొట్టి ఇచ్చాడు. సీట్లు లేవు. కడ్డీని పిడికిట పట్టుకోలేను, అందుకని మోచెయ్యి మెలేసి వేలాడాను. నందిగామ వచ్చేదాకా ఒకటే మాట లోపల తిరుగుతోంది. నాకు యాభై మూడేళ్లు. అమ్మాయికి ఇంకా పిల్లలు లేరు. ఇంకొన్నాళ్లుండాలని ఉంది. అంత గట్టిగా ఉండాలనిపిస్తోందని నాకు ఆ వేలాడే బస్సులోనే తెలిసింది.

నా నంబరు వచ్చేసరికి పదకొండున్నరయింది. డాక్టరుగారు తలెత్తి చూశాడు.

"ఏమ్మా, నెల కాలేదుగా? నొప్పులు ఎక్కువయ్యాయా?"

"లేదండి."

"మరి?"

"ఎన్నాళ్లండి?" అన్నాను.

"ఏది ఎన్నాళ్లు?"

"నేనండి. మా ఆయనకి చెప్పారు కదా, నాకూ చెప్పండి. నేనేం ఏడవను." అంటూనే ఏడ్చేశాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "మీ ఆయనకి నేనేం చెప్పానమ్మా?"

"అదే కదండీ నాకు తెలియంది."

ఆయన నా ఫైలు లాక్కుని తిరగేశాడు. "ముందు నెల పరీక్షలోనే మీకు రక్తం తగ్గినట్టు తేలింది. బరువు కూడా తగ్గారు. ఏం తింటున్నారని మీ ఆయన్ని అడిగా. తినేవి చెప్పమంటే తిననివి చెప్పాడు, పాఠం అప్పజెప్పినట్టు. పెరుగు కూడా పెట్టం అన్నాడు. నాకు కోపమొచ్చింది. మనిషిని ఎండగట్టి మందులేస్తే ఎలా పనిచేస్తాయయ్యా, ఈ జబ్బుకి పత్యమేం లేదు, అన్నీ పెట్టు అన్నా. అంతే."

"అంతేనా?"

"అంతే."

"ఇంకేం లేదా?"

"ఇంకేం ఉండాలమ్మా? ఈ జబ్బు పూర్తిగా పోదని మొదట్లోనే చెప్పా. కానీ చచ్చిపోతారని ఎవరన్నారు? ఎన్నాళ్లో చెప్పడానికి నేను జ్యోతిష్కుణ్ణి కాదు. మందులు మానకుండా వేసుకుని, తిండి తింటే, ఇంకా చాలా ఏళ్లు ఇలాగే వచ్చి నన్ను అనుమానించొచ్చు." ఆయన నవ్వాడు. అప్పుడు అడిగాడు, "అసలు ఆ పత్యం ఎవరు పెట్టారు మీకు?"

చెప్పక తప్పలేదు. జబ్బు మొదలైనప్పుడు ఇంగ్లీషు మందు కంటే ముందు వీరులపాడు అవతల ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఏవో ఆకులు నూరి పసరు ఇచ్చేవాడు. పసరుతో పాటు తినకూడనివి చెబితే మా ఆయన రాసుకున్నాడు. నందిగామ వస్తున్నాక ఆ సంగతి డాక్టరుగారితో ఎప్పుడూ ఎత్తలేదు, పసరు తాగామంటే తిడతాడని.

"ఆ పసరు ఇంకా తాగుతున్నారా?"

"లేదండి. మూడు నెలలు తాగి మానేశా."

"మందు మానేసి పత్యం ఎందుకు ఉంచుకున్నారమ్మా?"

తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న నాకు గానీ, మా ఆయనకి గానీ ఒక్కసారి కూడా తట్టలేదు. మందు మానొచ్చు, పత్యం మాత్రం పాటించాలి అన్నది మాకు నీళ్లు పల్లానికి పోతాయన్నంత మామూలు సంగతి.

బయటికొచ్చి బస్టాండులో కూర్చున్నాను. సంతోషించాలి కదా. చావడం లేదు. ఎండ కూడా బాగుంది. కానీ ఎదురుగా వీరులపాడు బస్సు వచ్చి ఆగింది. దాన్ని చూడగానే మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మ అటువైపు ఊళ్లోనే ఉండేది. ప్రతి వేసవిలోనూ ఆ బస్సులో నందిగామ వచ్చి, బస్సు మారి, ఒళ్లో ఆవకాయ జాడీ పెట్టుకుని మా ఇంటికి వచ్చేది. జాడీ మూతికి నేను కుట్టిచ్చిన గుడ్డే కట్టేది. "పత్యమమ్మా, ఎదురుగా ఉంటే నోరూరుతుంది, తీసుకెళ్లిపో," అనేదాన్ని. ఆమె రెండు రోజులుండి జాడీతోనే వెళ్లిపోయేది. ఆఖరిసారి వచ్చినప్పుడు, "ఈసారి నూనె ఎక్కువ పోశానే. రెండేళ్లు నిల్వుంటుంది. తగ్గాక తిందువుగాని, ఉంచుకో," అని బతిమాలింది. వద్దన్నాను. ఆ చలికాలం ఆమె పోయింది. దినాలకి వచ్చిన వాళ్లందరికీ ఆ ఆవకాయే వడ్డించాం. నేను తినలేదు.

బస్టాండులో జనం మధ్య కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా ఆయన్ని తిట్టాను. పసరాయన్ని తిట్టాను. ఎంత తిట్టినా చివరికి నా దగ్గరికే వచ్చి ఆగింది. గుడ్డ కొట్టువాణ్ణి అనుమానించాను, గిరాకీని అనుమానించాను, మొగుణ్ణి, కూతుర్ని, పక్కింటావిడని, హాయిగా తెల్లవారిన ఉదయాన్ని అనుమానించాను. ఆ ఒక్క కాగితాన్ని మాత్రం అనుమానించలేదు. సుఖం ఎదురైతే ఎక్కడి నుంచి వచ్చావని నిలేసేదాన్ని. కష్టం పెట్టేదాన్ని మాత్రం ఒక్క మాట అడక్కుండా ఇంట్లో పెట్టుకున్నాను. మా అమ్మ జాడీని వెనక్కి పంపింది మా ఆయన కాదు, నేను.

ఇల్లు చేరేసరికి నాలుగు కావొచ్చింది. మా ఆయన అప్పటికే వచ్చి, గోంగూర పప్పు వండి, నేను కనపడక వీధి చివరిదాకా వెతికొచ్చినట్టున్నాడు, చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

"ఎక్కడికెళ్లావే? ఫోన్ కూడా ఇంట్లోనే పెట్టి!"

"నందిగామ. డాక్టరు దగ్గరికి."

ఆయన గోడకి ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. "చెప్పేశాడా?"

"చెప్పాడు. మీరెందుకు చెప్పలేదు?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? తొమ్మిదేళ్లు నీ నోరు కట్టేసింది నేనే కదా. పెళ్లిళ్లలో నీ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది నేనే. అదంతా ఉత్తదేనంట అని అమ్మాయికీ, పక్కింటి చెల్లెమ్మకీ చెప్పగలిగా గానీ, నీకు చెబుదామని రోజూ అనుకోవడమే అయింది. నువ్వు కలుపుకుని తింటుంటే, ఇవాళ తిననీ, రేపు చెబుదాం అనుకున్నా. చెబితే కోపంతో కంచం తోసేస్తావని."

"మీరు చెప్పకపోతే నేను చచ్చిపోతున్నాననుకున్నా."

"ఏంటీ?"

"పోయేముందు పెడతారే, అలా పెడుతున్నారనుకున్నా. మూడు వారాలు."

ఆయన నావైపు వెర్రిచూపు చూశాడు. మూడు వారాలుగా తను ఏం చేశాడో ఒక్కొక్కటే అర్థమవుతున్నట్టుంది. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కాటా దగ్గర యాభై టన్నుల లారీకి బెదరని మనిషి భుజాలు కదిలిపోతున్నాయి. నాకు ఆయన మీద కోపం తగ్గలేదు. జాలి కూడా వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి.

నిజంగానే కంచం తోసేద్దామని వచ్చాను. ఆ మాట కూడా దారంతా సిద్ధం చేసుకున్నాను. కానీ పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, గోంగూర వాసన ఇల్లంతా ఉంది. చెయ్యి కడుక్కుని పీట మీద కూర్చున్నాను. ఆయన లేచి వడ్డించాడు. కలుపుకుని ఒక ముద్ద పెట్టుకున్నాను.

"ఉప్పు లేదు," అన్నాను.

ఆయన తలెత్తాడు. ఈ మూడు వారాల్లో ఆయన వంటకి నేను ఒక్క వంక పెట్టలేదు. పోయేదాన్ని, ఎందుకు నొప్పించాలని.

"ఉప్పు లేదు, పప్పు ఉడకలేదు, తాలింపు మాడ్చారు. గోంగూర కడిగారా అసలు, పంటికింద ఇసక తగులుతోంది?"

ఆయన ఉప్పు డబ్బా తెచ్చి నా పక్కన పెట్టాడు. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, "ఇంకా?" అన్నాడు.

"కూర్చోండి. చాలా ఉంది," అన్నాను.